ధూళికి సాక్ష్యం ఎవరి దగ్గర?

(గోదావరిఖనిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

2003 జూన్ 16న జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి ప్రాణాలు పోగొట్టుకున్న 17 మంది కార్మికుల స్మృతిలో జరుగుతున్న సభ ఇది. ఇలాంటి వేదిక మీద గని ప్రమాదాల గురించి చెప్పుకోవడం ఆనవాయితీ. ఆ ఆనవాయితీని గౌరవిస్తూనే ఈ సాయంత్రం మరో రకం మరణం వైపు మీ దృష్టి మళ్లించదలచుకున్నాను. ప్రమాదం జరిగిన రోజున బాయిలోకి ఎంతమంది దిగారో మస్టరు చెబుతుంది, ఎవరు తిరిగి ఎక్కలేదో ల్యాంపురూము చెబుతుంది. విచారణ జరుగుతుంది, పేర్లు రాసుకుంటారు, పరిహారం లెక్క కడతారు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా గనిలో 370 మందికి పైగా జలసమాధి అయితే ఆ తేదీ దేశానికంతటికీ గుర్తుండిపోయింది. కానీ అవే గనుల్లో ముప్పై ఏళ్లు చేసి, దిగిపోయే నాటికి నాలుగు మెట్లు ఎక్కితే దమ్ము ఆడని స్థితిలో ఇంటికి చేరి, మరో పదేళ్లకు మంచంలోనే కన్నుమూసిన మనిషి ఏ జాబితాకూ ఎక్కడు. అతని మరణానికి తేదీ ఉంటుంది గానీ, దాన్ని గనితో కలిపే కాగితం మాత్రం ఉండదు.

ఆ కాగితం ఎందుకు లేదన్నదే ఈ ఉపన్యాసం విషయం. చట్టం లేకపోవడం వల్ల కాదని నా అభిప్రాయం. మన దేశంలో ఈ ధూళి రోగానికి పరిహారం ఇచ్చే చట్టం చాలాకాలంగా ఉంది. ధూళి రోగానికి కావలసిన సాక్ష్యమంతా పరిహారం చెల్లించాల్సిన వారి బీరువాలోనే ఉండటం ఒక కారణం, ఆ సాక్ష్యాన్ని వాడుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు రోగం ముదిరే కాలం కంటే చిన్నది కావడం రెండో కారణం. ఈ రెండూ మారనంత వరకు చట్టం పట్టికలో ఎన్ని రోగాలు చేర్చినా గని కార్మికుడి ఇంటికి చేరేది తక్కువే.

ముందుగా ఆ ధూళి ఎలాంటిదో చూడాలి. బట్టల మీద, కనురెప్పల మీద పేరుకునే నల్లటి పొడి చూడటానికి భయంకరంగా ఉన్నా అది స్నానంతో పోతుంది. ముక్కు, గొంతు దాన్ని ఆపగలవు. ప్రాణం తీసేది కంటికి కనిపించనంత సన్నటిది. మిల్లీమీటరులో వెయ్యోవంతును మైక్రాన్ అంటారు. సుమారు 5 మైక్రాన్ల లోపు రేణువు శ్వాసనాళాల చివరి కొసల దాకా, గాలి తిత్తుల దాకా వెళ్లి అక్కడే ఉండిపోతుంది. శరీరం దాన్ని మింగేయబోయి, మింగలేక, దాని చుట్టూ మచ్చ కట్టుకుంటుంది. మచ్చ పడిన చోట ఊపిరితిత్తి సాగదు. పాత కాలంలో బొగ్గు నింపే కోల్‌ఫిల్లర్ పని తలుచుకోండి. షాట్‌ఫైరర్ బ్లాస్టింగ్ చేసి వచ్చాక పొగ, పొడి కిందికి దిగే వరకు ఆగాలన్నది నియమం. కానీ కూలీ టబ్బు లెక్కన. ఆగిన ప్రతి నిమిషం టబ్బులో లోటుగా తేలుతుంది. మూతికి తువ్వాల చుట్టుకొని, చెమ్మస్ పారతో తట్ట నింపి, తట్టను టబ్బులో గుమ్మరిస్తే మళ్లీ ఒక పొగ లేచేది. బొగ్గు ఒక్కటే అయినా కొంత నయమేమో. గోదావరి లోయలో బొగ్గు పొరల పైకప్పు ఇసుకరాయి. రూఫ్‌బోల్టు కోసం ఆ రాయిని తొలిచినప్పుడు వచ్చేది సిలికా, బొగ్గు కంటే ఎన్నోరెట్లు క్రూరమైనది. మన నిబంధనలే ఈ తేడాను ఒప్పుకున్నాయి. 2017 దాకా అమల్లో ఉన్న 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల్లో తర్వాత చేర్చిన కొలత ప్రకారం ఘనపు మీటరు గాలిలో పీల్చదగిన ధూళి 3 మిల్లీగ్రాములు దాటకూడదు. ధూళిలో సిలికా 5 శాతం మించితే మాత్రం 15ను ఆ శాతంతో భాగించాల్సి ఉండేది. అంటే సిలికా 15 శాతం ఉన్నచోట ఒక్క మిల్లీగ్రామే హద్దు. ఈ భాగహారం ప్రతి షిఫ్టులో, బొగ్గు కోసే ప్రతి ఫేస్ దగ్గర ఎవరు చేశారు, ఆ అంకె ఎక్కడ రాసి ఉంది, దాన్ని కార్మికుడు ఎప్పుడైనా చూశాడా అన్నవి ఈ సభలో ఎవరికి వారు వేసుకోదగ్గ ప్రశ్నలు.

ఈ రోగం గురించిన జ్ఞానం చరిత్ర కూడా సాక్ష్యం చరిత్రే. ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లో వృత్తి రోగాల మీద పుస్తకం రాస్తూ, రోగిని నీ పని ఏమిటని అడగాలని వైద్యులకు చెప్పాడు. 1831లో ఎడిన్‌బరోలో గ్రెగరీ అనే వైద్యుడు బొగ్గు కార్మికుడి ఊపిరితిత్తి నల్లబడి ఉండటాన్ని వర్ణించాడు. ఆ తర్వాత చాలాకాలం బ్రిటన్‌లో అధికారిక విశ్వాసం ఒకటే: రాయి పొడి ప్రమాదం, బొగ్గు పొడి కాదు. సిలికా వల్ల వచ్చే సిలికోసిస్‌కు పరిహారం ఉండేది, దాన్ని పొందాలంటే తాను రాతిలో పనిచేశానని కార్మికుడు చూపాలి. దక్షిణ వేల్స్ బొగ్గు గనుల్లో రాయి ముట్టని వాళ్లు కూడా దగ్గి దగ్గి చస్తుంటే, 1937 నుంచి 1942 దాకా అక్కడి వైద్య పరిశోధన మండలి ఎక్స్‌రేలు తీసి, గాలి కొలిచి, చివరికి బొగ్గు ధూళి కూడా రోగకారకమేనని తేల్చింది. 1943లో పరిహార పథకం వచ్చింది. ఈ మధ్య కాలంలో రోగం కొత్తగా పుట్టలేదు, కొలిచేవాళ్లు లేరంతే. ఆ కాలంలోనే మన సింగరేణి ఎదిగింది. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది, 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. లండన్‌లో వాటాలు అమ్ముకున్న కంపెనీ అది. అదే దేశపు గని కార్మికుడికి 1943లో దక్కిన గుర్తింపు ఇల్లందు కార్మికుడి దాకా రాలేదు. మన పొరుగునే, ఎందరో చిత్తూరు జిల్లా తెలుగువాళ్లు పనిచేసిన కోలార్ బంగారు గనుల్లో 1940లలో సిలికోసిస్ సర్వే జరిగిందంటే, దేశంలో కొలిచే విద్య లేదని మాత్రం అనలేం.

ఇక మన చట్టం. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి కార్మిక పరిహార చట్టం 3వ షెడ్యూలులో వృత్తి రోగాల పట్టిక ఉంది. అందులోని సి భాగంలో సిలికోసిస్, ఆంత్రకోసిలికోసిస్ ఉన్నాయి. ఆ చట్టం 3వ సెక్షన్ చెప్పేది చాలామందికి తెలియదు. నిర్ణీత కాలం ఆ రకం పనిలో ఉన్న మనిషికి పట్టికలోని రోగం వస్తే, కాదని రుజువయ్యే దాకా, అది పని వల్ల జరిగిన ప్రమాదమే అనుకోవాలి. అంటే రోగానికీ పనికీ ఉన్న ముడిని కార్మికుడు రుజువు చేయనక్కర్లేదు, ఆ ముడి లేదని చూపే బరువు యజమానిది. 1952 గనుల చట్టం 25వ సెక్షన్ ఈ రోగాలను గనుల తనిఖీ అధికారులకు తెలియజేయాలనేది. సిలికోసిస్, ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల రోగాలకు ఉమ్మడి పేరైన న్యుమోకోనియోసిస్ 1952లోనే ఆ జాబితాలో చేరాయి. తర్వాత చేర్చిన 9ఏ సెక్షన్ ప్రకారం పని వల్లే ఆరోగ్యం చెడిందని తేలితే యజమాని ఖర్చుతో వైద్యం, కుదరకపోతే ప్రత్యామ్నాయ పని, అదీ లేకపోతే వైకల్య భత్యం. 1955 గనుల నియమాల్లో 29బి కింద ప్రతి అయిదేళ్లకు వైద్య పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. కార్మికులు పీఎంఈ అని పిలిచేది దీన్నే. 1923 చట్టం స్థానంలోకి వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్ కూడా ఈ పట్టిక పద్ధతినే తనలో కలుపుకొంది. కాగితం మీద ఇంత ఉంది.

తెగేది ఎక్కడంటే, రోగం ఉందని తేలాల్సిన మెట్టు దగ్గర. చట్టం యజమాని మీద మోపిన బరువు రోగ నిర్ధారణ జరిగాకే మొదలవుతుంది. ఆ నిర్ధారణ ఎలా జరుగుతుందో దగ్గరగా చూడటం అవసరం. అంతర్జాతీయ కార్మిక సంస్థ పద్ధతి ప్రకారం వైద్యుడు ఎక్స్‌రే ఫిల్మును ప్రమాణ ఫిల్ముల పక్కన పెట్టి చూస్తాడు. మిల్లీమీటరున్నర లోపు మచ్చలు ఒక రకం, 3 మిల్లీమీటర్ల దాకా ఒక రకం, 10 దాకా మరొకటి. 10 దాటితే పెద్ద మచ్చలు, అంటే రోగం చెయ్యి దాటిందని అర్థం. మచ్చలు ఎంత దట్టంగా ఉన్నాయన్నదానికి 0 నుంచి 3 దాకా వర్గాలు, అవి మళ్లీ పన్నెండు మెట్లు. వైద్యుడు 1/0 అని రాస్తే, మొదటి వర్గమే గానీ సున్నా కూడా కావచ్చునని ఆలోచించానని భావం. 0/1 అని రాస్తే అటుది ఇటు. సాధారణంగా 1/0 నుంచి రోగం లెక్కలోకి వస్తుంది, 0/1 దగ్గర రాదు. ఒకే ఫిల్మును ఇద్దరు నిపుణులు చూసి ఒకరు ఇలా, ఒకరు అలా రాయడం అసాధారణం కాదు. గీతకు అటూ ఇటూ రెండంకెలు తారుమారైతే ఒక కుటుంబం భవిష్యత్తు తారుమారు అవుతుంది. ఆ ఫిల్ము ఎవరు తీశారు? కంపెనీ ఆస్పత్రి. ఎవరు చదివారు? కంపెనీ వైద్యుడు. ఎక్కడ దాచారు? కంపెనీ రికార్డు గదిలో. నేను ఏ వైద్యుడి నిజాయితీనీ శంకించడం లేదు. ఎంత నిజాయితీపరుడైనా తన జీతం ఇచ్చే సంస్థ మీద బాకీ రాసే పని ఒక్కడే చేయాల్సి రావడం మంచి న్యాయ పద్ధతి కాదంటున్నాను. దానికి తోడు మన దేశంలో క్షయ ఎక్కువ. సిలికా ఉన్న ఊపిరితిత్తికి క్షయ సులభంగా పడుతుంది. మచ్చ కనిపించగానే టీబీ అని రాసి మందులు మొదలుపెట్టడం తేలిక, చాలాసార్లు అవసరం కూడా. కానీ టీబీ అన్న మాట దగ్గరే ఆగిపోతే, సిలికోసిస్‌తో కూడిన క్షయను చట్టం పట్టికలోనే చేర్చిందన్న సంగతి ఆ రోగి ఎన్నటికీ తెలుసుకోడు.

రెండో చిక్కు గడువు. 1923 చట్టం 10వ సెక్షన్ ప్రకారం, పని మానేసిన రెండేళ్లలోపు ఆ వృత్తి రోగం లక్షణాలు బయటపడితే, బయటపడిన రోజే ప్రమాదం జరిగినట్టు లెక్క. రెండేళ్లు. ధూళి పీల్చడం మానేశాక కూడా మచ్చలు పెరుగుతూనే ఉంటాయని, సిలికోసిస్ పదేళ్లకో ఇరవై ఏళ్లకో బయటపడవచ్చని వైద్యశాస్త్రం ఎప్పుడో చెప్పింది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉన్న మాట నిజమే గానీ, హక్కుగా దక్కాల్సినదాన్ని మన్నింపుగా అడుక్కోవడం ఏం న్యాయం? ఇక్కడ రైలు కార్మికుల కథ ఒకటి పనికొస్తుంది. అమెరికాలో మిస్సోరి పసిఫిక్ రైల్వేలో సుమారు ముప్పై ఏళ్లు ఫైర్‌మన్‌గా చేసిన ఉరీ అనే కార్మికుడు 1940లో సిలికోసిస్‌తో పని మానేశాడు. ఆవిరి ఇంజన్ల చక్రాలు పట్టాల మీద జారకుండా ఇసుక పోసేవారు, ఆ పొడి క్యాబ్‌లోకి వచ్చేది. మరుసటి ఏడాది దావా వేస్తే, రోగం ఎప్పుడో మొదలైంది, 1908 నాటి రైల్వే యజమానుల బాధ్యత చట్టం ఇచ్చిన గడువు ఎప్పుడో దాటిందని కంపెనీ వాదించింది. 1949లో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. తనకు తెలియని రోగానికి గడువు లెక్కపెట్టడమంటే హక్కును ఇచ్చినట్టే ఇచ్చి లాక్కోవడమేనని, రోగం బయటపడ్డ నాటినుంచే గడువు నడవాలని తేల్చింది. చట్టంలోని ప్రమాద బాధ్యత వృత్తి రోగానికీ వర్తిస్తుందని చెప్పిందీ ఆ తీర్పే. మన రైల్వే ఉద్యోగులూ 1923 చట్టం కిందికే వచ్చేవారు కాబట్టి, కాజీపేట షెడ్డులో ఇంజన్ నడిపిన వాళ్లకూ, రామగుండం సైడింగులో బొగ్గు నింపిన వాళ్లకూ గడువు చిక్కు ఒకటే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, సింగరేణి కార్మికుడికి ఇప్పటికే చాలా దక్కుతోంది కదా అన్నది. నిజమే. బొగ్గు పరిశ్రమ వేతన ఒప్పందాలు, కంపెనీ ఆస్పత్రులు, దిగిపోయినవారికి వైద్య పథకం ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా మెడికల్ అన్‌ఫిట్ అయినవారి స్థానంలో కొడుక్కో అల్లుడికో ఉద్యోగం వస్తుంది. 2016లో ప్రకటించిన వారసత్వ ఉద్యోగాల పథకాన్ని ప్రభుత్వ ఉద్యోగాల్లో సమానత్వానికి విరుద్ధమంటూ 2017లో ఉమ్మడి హైకోర్టు కొట్టేసింది. తర్వాత వైద్య కారణాల ఆధారంగా కారుణ్య నియామకాలు మొదలయ్యాయి. నిరుద్యోగం నిండిన ఈ ప్రాంతంలో ఆ ఉద్యోగం విలువ నాకు తెలుసు, దాన్ని తీసేయమని నేను అనను. కానీ అది పరిహారం కాదని గుర్తించాలి. పరిహారమంటే తప్పు ఎక్కడ జరిగిందో ఒప్పుకొని, దెబ్బతిన్న మనిషికి చెల్లించేది. కారుణ్య నియామకంలో మనిషి పనికిరాడని తేలుస్తారు, ఎందువల్ల పనికిరాకుండా పోయాడో తేల్చాల్సిన అవసరం లేదు. అందుకే అన్‌ఫిట్లు ఎక్కువై, నమోదైన వృత్తి రోగులు తక్కువై ఉండే స్థితి ఏర్పడుతుంది. కుటుంబానికీ కారణం అడగాలన్న తొందర ఉండదు. తండ్రి ఊపిరితిత్తి గురించి నోరెత్తని ఒప్పందం మీద కొడుకు అదే గాలిలోకి దిగుతాడు. ఈ ఏర్పాటును సంఘాలు విజయంగా చెప్పుకున్న మాట వాస్తవం. అది సగం విజయమేనని చెప్పక తప్పదు.

రెండో అభ్యంతరం బీడీ. గని కార్మికుల్లో పొగ తాగేవారు ఎక్కువ, ఆయాసం దాని వల్లే రావచ్చు కదా అంటారు. ఎక్స్‌రేలో ధూళి గుళికలు బీడీ వల్ల ఏర్పడవు, కాబట్టి న్యుమోకోనియోసిస్ విషయంలో ఈ వాదన నిలవదు. దీర్ఘకాలిక శ్వాసనాళ వ్యాధి, ఎంఫిసీమా విషయంలో మాత్రం ఇది ఆలోచించదగ్గదే, ఎందుకంటే రెండూ ధూళి వల్లా వస్తాయి, పొగ వల్లా వస్తాయి. బ్రిటన్ 1993లో బొగ్గు కార్మికుల్లో ఈ వ్యాధులను వృత్తి రోగాలుగా చేర్చింది. 1998లో అక్కడి హైకోర్టు బ్రిటిష్ కోల్ సంస్థను బాధ్యురాలిగా తేల్చినప్పుడు, పొగ వాటా తగ్గించి మిగిలింది చెల్లించమంది. పొగ ఉందని ధూళి బాకీ రద్దు కాదన్న సూత్రం అది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 జాబితాలో బొగ్గు ధూళి వల్ల వచ్చే దీర్ఘకాలిక శ్వాసనాళ వ్యాధి ఉంది. మన 1923 పట్టికలో అది లేదు. మన కార్మికుడికి ఎక్కువగా వచ్చే ఆయాసమే పట్టిక బయట ఉందన్నమాట.

యంత్రాలు వచ్చాయి కదా, తట్ట చెమ్మస్ కాలం పోయింది కదా అన్నది ఇంకొకటి. నీళ్లు చల్లడం, తడి డ్రిల్లింగ్, మంచి గాలి సరఫరా చేసే మేలును కాదనను. కానీ యంత్రం బొగ్గును చేతికంటే వేగంగా, సన్నగా కోస్తుంది. పొర పలచబడ్డ చోట రాయినీ కలిపి కోస్తుంది. అమెరికాలో అంతరించిందనుకున్న రోగం అందుకే తిరిగి వచ్చింది. వర్జీనియా నైరుతి ప్రాంతంలో మూడు క్లినిక్కుల్లోనే 2013, 2017 మధ్య 416 మందికి అతి తీవ్రమైన మచ్చల దశ కనిపించిందని అక్కడి ప్రభుత్వ సంస్థ పరిశోధకులు 2018లో ప్రకటించారు. ఆ దేశంలో 2016 దాకా కొలత 2 మిల్లీగ్రాములు. చట్టం అప్పటి మన కొలత కంటే కఠినమైనచోటే ఇలా ఉంటే, ఇక్కడ లేదనుకోవడానికి ఆధారమేమిటి? ఇక ఓసీపీలు, అంటే ఉపరితల గనులు. గని తెరిచి ఉంటే గాలి బాగుంటుందన్నది సగం నిజం. డ్రిల్లు మీద, డంపర్ దారిలో, ఓవర్‌బర్డెన్ దగ్గర లేచేది ఎక్కువగా రాతి పొడి. అక్కడ మట్టి, రాయి తీసేది కాంట్రాక్టు కార్మికులు. బొగ్గును నలగగొట్టి వ్యాగన్లకెక్కించే సీహెచ్‌పీలో క్రషర్ కింద, బెల్టు మీద నుంచి బెల్టు మీదకు బొగ్గు పడే చోట, వ్యాగన్ల పక్కన చీపురు పట్టుకొని నిలబడేదీ వాళ్లే. అసలు ధూళి వాళ్ల వంతు, ఎక్స్‌రే చరిత్ర లేనిదీ వాళ్లకే. కాంట్రాక్టరు మారినప్పుడల్లా వాళ్ల సర్వీసు మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. 1923 చట్టం 12వ సెక్షన్ అసలు యజమానిని బాధ్యుడిగా చేసింది గానీ, ఆ సెక్షన్ వాడుకోవడానికి కావలసిన కాగితం ఒక్కటీ వాళ్ల చేతిలో లేదు.

చివరి అభ్యంతరం డబ్బు. సర్వీసునే సాక్ష్యంగా తీసుకుంటే దొంగ దావాలు వస్తాయి, కంపెనీ మునుగుతుంది అంటారు. అమెరికాలో 1972లో ఒక నియమం పెట్టారు: భూగర్భ గనిలో 15 ఏళ్లు చేసి, ఊపిరితిత్తుల జబ్బుతో పూర్తిగా పనిచేయలేని స్థితికి వచ్చిన వ్యక్తి రోగం గని వల్లే వచ్చిందని అనుకోవాలి, కాదని చూపే బరువు కంపెనీది. 1981లో కొత్త దావాలకు దాన్ని తీసేశారు, 2010లో తిరిగి తెచ్చారు. తెచ్చినందుకు అక్కడ బొగ్గు పరిశ్రమ కూలిపోలేదు. బాధ్యుడైన కంపెనీ దొరకనప్పుడు చెల్లించడానికి టన్ను బొగ్గు మీద పన్ను వేసి నిధి ఏర్పరిచారు. అంత దూరం ఎందుకు, రాజస్థాన్ 2019 న్యుమోకోనియోసిస్ విధానంలో రోగం ధ్రువీకరించగానే 3 లక్షలు, మరణిస్తే మరో 2 లక్షలు ఇస్తున్నారు. రాతి గనుల్లో యజమాని ఎవరో తేలకపోయినా ఇస్తున్నారు. ఒకే యజమాని, ఒకే మస్టరు ఉన్న సింగరేణిలో ఇంతకంటే సులభంగా జరగాలి. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. టన్నుకు ఒక్క రూపాయి పక్కన పెట్టినా ఏడాదికి 7 కోట్లు. దాన్ని రామగుండం వంటి చోట స్వతంత్ర ఎక్స్‌రే పఠన మండలికి, దిగిపోయినవారి పరీక్షలకు వాడవచ్చు. టన్నుకు ఎంత కావాలన్నది తర్వాత లెక్కించుకోవచ్చు. ఆ మండలిలో కంపెనీ వైద్యుడు ఉండవచ్చు గానీ, తుది మాట ఆయనది కాకూడదు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది రికార్డు గురించి. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో, కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెబుతూ, వైద్య రికార్డులను ఉద్యోగం మొదలైన నాటినుంచి 40 ఏళ్లు లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతదాకా భద్రపరచమని ఆదేశించింది. బొగ్గు గనులకూ ఇదే కొలత వర్తింపజేయాలని అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు సగం కూడా లేదు. దిగిపోయినవారికి 15 ఏళ్ల లెక్క గడుస్తోంది. భూగర్భ గనులైన ఇంక్లైన్లు మూతపడి వాటి స్థానంలో ఓసీపీలు వస్తున్నాయి. జీడీకే 5 ఇంక్లైన్ ఉన్నచోట ఇప్పుడు ఓసీపీ 5. మూతపడ్డ గని ఆఫీసు నుంచి ఫైళ్లు తరలించేటప్పుడు ఉత్పత్తి లెక్కలకు ఉండే విలువ పాత ఛాతీ ఫిల్ములకు ఉంటుందని ఆశించలేం. కాబట్టి ఈ జిల్లాలోని కార్మిక సంఘాలన్నింటికీ, వాటి మధ్య ఉన్న పేచీలు ఎలాగున్నా, ఒక విన్నపం: రాబోయే వేతన చర్చల్లో గుర్తింపు ఎన్నికల హామీల పక్కన ఈ ఒక్క కోరిక కూడా పెట్టండి. ప్రతి పీఎంఈ తర్వాత ఫిల్ము నకలు, ఏ మెట్టు రాశారో ఆ కాగితం, ఆ అయిదేళ్లలో పనిచేసిన చోట ధూళి కొలతలు, మూడూ కార్మికుడి చేతికే ఇవ్వాలి. పర్మినెంటువారికైనా, కాంట్రాక్టువారికైనా. దిగిపోయిన వారికి అడిగిన 30 రోజుల్లో ఇవ్వాలి. గడువు మార్పు పార్లమెంటు చేయాల్సిన పని, దానికి సమయం పడుతుంది. ఈ మూడు కాగితాలు మాత్రం కంపెనీ, సంఘాలు కూర్చుని ఒక ఒప్పందంలో రాసుకోగలిగినవి.